పుదుచ్చేరి రేవు నుండి ఐరోపా రంగస్థలానికి

జర్మనీలోని మ్యూనిచ్ నగరంలో ఏటా సెప్టెంబరులో ఆక్టోబర్‌ఫెస్ట్ ఉత్సవం ఆరంభమవుతుంది. ఆ ఉత్సవపు తొలి ఆదివారం నాడు నగర వీధులలో సంప్రదాయ వేషధారుల ఊరేగింపు సాగుతుంది. 1950 నుండి ఏటేటా జరుగుతున్న ఈ ఊరేగింపులో దాదాపు తొమ్మిది వేలమంది పాల్గొంటారు. తోలు లాగులు తొడిగిన పురుషులు, కుట్టుపని చేసిన రవికెలు, నిండు పావడాలు ధరించిన స్త్రీలు, గుర్రపు బండ్లు, ఊరూరి వాద్యబృందాలు సుమారు ఏడు కిలోమీటర్ల దారిని నింపివేస్తాయి. బవేరియా గ్రామాల సంఘాలతోపాటు ఇతర దేశాల జానపద బృందాలు కూడ ఇందులో నడుస్తాయి. ఈ ఊరేగింపులో నన్ను ఎక్కువగా ఆకర్షించిన విషయం దుస్తుల వన్నె కాదు. ప్రతి బృందానికి ముందు ఒకరు పేరుపలకను ఎత్తి పట్టుకొని నడుస్తారు. వెనుక వచ్చేవారు ఏ ఊరివారో, ఏ సంఘంవారో చూచేవారికి ఆ పలక తెలియజేస్తుంది.

ఇటువంటి విదేశీ ఉత్సవాలకు మన జానపద బృందాలు కూడ వెళ్లి వస్తున్నాయి. వెళ్లిన ప్రతిసారీ పత్రికలలో రంగుల ఛాయాచిత్రాలు వస్తాయి. వాటి క్రింద రాష్ట్రం పేరు, నృత్యరూపం పేరు ఉంటాయి. నర్తకుల పేర్లు మాత్రం చాలా అరుదుగా కనిపిస్తాయి. ఈ లోపం కొత్తది కాదు. దీని మూలం వెతుకుతూ వెళితే మనం 1838వ సంవత్సరంలో పుదుచ్చేరి రేవు దగ్గరకు చేరుకుంటాము. ఆ ప్రస్తావనకు ముందు ఒక చిన్న స్వానుభవం చెప్పుకోవలసి ఉన్నది. ఈ వ్యాసానికి ప్రేరణ అదే.

కొన్నేళ్ల క్రితం ఒక విదేశీ వేషధారణ ఉత్సవానికి వెళ్లబోతున్న గరగ నృత్య బృందానికి సంబంధించిన దస్త్రం నా బల్ల మీదికి వచ్చింది. గోదావరి తీర గ్రామాలలో అమ్మవారి జాతరలకు గరగను తలపై నిలిపి, చేయి పట్టకుండా, డప్పుల లయకు అడుగులు వేసే కళ అది. దస్త్రంలో సామగ్రి జాబితా ఎంతో శ్రద్ధగా తయారయింది. ఎన్ని గరగలు, ఎన్ని డప్పులు, ఎన్ని జతల దుస్తులు, ఒక్కొక్కదాని విలువ ఎంత, బరువు ఎంత అన్నీ అందులో ఉన్నాయి. కళాకారుల జాబితా మాత్రం ఒకే పంక్తిలో ముగిసింది: బృంద నాయకుని పేరు, ఆ తరువాత ‘ఇతరులు పదకొండుమంది’. పాస్‌పోర్టుల నకళ్లు వేరే కవరులో ఉన్నాయి కదా అనుకొని నేను సంతకం చేశాను. బయలుదేరే ముందు సామాను అప్పగించి రసీదు తీసుకున్న ఒక వృద్ధ కళాకారుడు నవ్వుతూ అన్న మాట నేటికీ నా చెవులలో ఉన్నది. “గరగలకి రసీదు ఇచ్చారండీ, మాకే ఇవ్వలేదు.”

ఆయన హాస్యానికే అని ఉండవచ్చు. చరిత్ర చదువుకున్నవాడిగా నాకు మాత్రం అది ఒక ప్రశ్నగా మిగిలింది. ఒక కళ సముద్రం దాటేటప్పుడు మనం దేనికి లెక్క రాస్తున్నాము? దేనిని లెక్కలోనుండి వదలివేస్తున్నాము?

బవేరియా ఊరేగింపు వెనుక కథ

నేడు అనాదిగా వస్తున్నట్లు కనిపించే బవేరియా వేషధారణకు స్పష్టమైన తేదీలతో కూడిన చరిత్ర ఉన్నది. 1810 అక్టోబరులో బవేరియా యువరాజు లుడ్విగ్‌కు, రాకుమారి థెరీసాకు వివాహం జరిగింది. ఆ వేడుకలో పదహారు జంటల బాలబాలికలు ఆయా ప్రాంతాల దుస్తులు ధరించి రాజకుటుంబం ఎదుట నడిచారు. అనంతరం జరిగిన గుర్రపు పందెమే ఆక్టోబర్‌ఫెస్ట్‌కు నాంది. 1835లో ఆ దంపతుల రజత వివాహోత్సవానికి పెద్ద ఎత్తున వేషధారణ ఊరేగింపు జరిగింది. అప్పటికి లుడ్విగ్ రాజయ్యాడు. నెపోలియన్ యుద్ధాల కాలంలో కొత్త కొత్త ప్రాంతాలు కలిసి ఏర్పడిన ఆ రాజ్యానికి, మనమంతా ఒకటే అన్న భావన అవసరమయింది. 1850వ దశకంలో రాజు రెండవ మాక్సిమిలియన్ ప్రాంతీయ దుస్తులను ప్రోత్సహించడంలో కూడ ఈ ఉద్దేశమే ఉన్నది. ప్రజల వేషధారణను పాలకులు తమ అవసరానికి ఉపయోగించుకున్న సందర్భం ఇది.

అయితే కథ అంతటితో ఆగలేదు. రైలు మార్గాలు, యంత్రపు బట్ట పల్లెలకు చేరిన తరువాత పాత దుస్తులు కనుమరుగు కాసాగాయి. 1883లో బైరిష్‌జెల్ అనే కొండపల్లెలో యోసెఫ్ ఫోగ్ల్ అనే బడిపంతులు కొందరు మిత్రులతో కలిసి, మోకాళ్లు కనిపించే పాత తోలు లాగును మళ్లీ ధరించడానికి ఒక సంఘాన్ని స్థాపించాడు. వేషధారణ పరిరక్షణ సంఘాలకు అది మొదటిది. ఆ తరువాత ఊరూర ఇటువంటి సంఘాలు వెలిశాయి. అందరూ దీనిని హర్షించలేదు. మోకాళ్లు కనిపించే లాగు నీతికి విరుద్ధమని 1913లో మ్యూనిచ్ మతపీఠం ప్రకటించింది. గ్రామస్థులు ఆ మాటను పట్టించుకోలేదు. దుస్తులు వారివి, సంఘం వారిది, నృత్యం కూడ వారిదే. నీతి పేరిట వచ్చిన నిషేధం వారి చేతులలోనుండి కళను లాగివేయలేకపోయింది.

ఈ చరిత్రకు ఒక చీకటి కోణం కూడ లేకపోలేదు. 1910లో ఉత్సవ శతవార్షికోత్సవ ఊరేగింపునకు దుస్తులు సమకూర్చినవారు మ్యూనిచ్ నగరంలో బట్టల వర్తకం చేసిన వల్లాఖ్ సోదరులు. పల్లెటూరి దుస్తులకు పట్టణంలో గౌరవం, గిరాకీ తెచ్చినవారిలో వారు అగ్రగణ్యులు. వారు యూదులు. నాజీ పాలనలో 1938లో ఆ దుకాణం వారి చేతులు జారిపోయింది. సోదరులలో కొందరు దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది, ఒకరు నాజీల చేతిలో ప్రాణాలు కోల్పోయారు. ఏ వేషధారణకు వారు మెరుగులు దిద్దారో, దానిని ‘స్వచ్ఛమైన జాతి’కి చిహ్నంగా మార్చి, వారినే దాని వెలుపలికి నెట్టివేశారు. పేరుపలకలతో నడిచే ఊరేగింపు కూడ కొన్ని పేర్లను మరచిపోగలదని ఇది హెచ్చరిస్తున్నది.

1838: పుదుచ్చేరి రేవు

మ్యూనిచ్‌లో రజతోత్సవ ఊరేగింపు జరిగిన మూడేళ్లకు, 1838లో, దక్షిణ భారతదేశం నుండి ఒక నృత్యబృందం ఐరోపాకు బయలుదేరింది. ఆ బృందం కడలూరు సమీపంలోని తిరువహీంద్రపురం నుండి వచ్చింది. దేవనాథస్వామి ఆలయంతో, వేదాంతదేశికుల స్మృతితో పునీతమైన ఆ ఊరు అప్పుడు ఇంగ్లీషు కంపెనీ పాలనలో ఉండేది. ఓడ ఎక్కిన రేవు మాత్రం ఫ్రెంచివారి పుదుచ్చేరి. తార్దివెల్ అనే ఫ్రెంచి వ్యాపారి వారితో ఒప్పందం కుదుర్చుకొని వెంట తీసుకొని వెళ్లాడు.

బృందంలో ఐదుగురు నర్తకీమణులు, ముగ్గురు వాద్యకారులు ఉన్నారు. పెద్దామె తిల్లమ్మాళ్‌కు ముప్పై ఏళ్ల ప్రాయం. అమ్మణికి సుమారు పద్దెనిమిది. రంగం, సుందరం అప్పుడప్పుడే యౌవనంలో అడుగుపెడుతున్న బాలికలు. అందరికంటె చిన్నదైన వేదం ఆరేళ్ల పసిపిల్ల. రామలింగం, శరవణన్, దేవనాయకం అనేవారు వారి వాద్యకారులు. ఈ పేర్లు కూడ మనకు నేరుగా అందినవి కావు. ఫ్రెంచి పత్రికలు తమ చెవికి వినబడినట్లు అమనీ, రంగూన్, సుందిరూన్, వేదూన్ అంటూ రాసుకున్నవాటిని వెనుకకు మళ్లించి, ఇలా ఉండి ఉంటాయని మనం చదువుకుంటున్నాము.

ఆ రోజులలో పుదుచ్చేరికి ఓడలు ఆనుకునే వంతెన లేదు. పలకలను కొబ్బరినారతో కుట్టిన మసూలా పడవలలో ఎక్కి, అలల పోటును దాటి, దూరాన లంగరు వేసిన ఓడను చేరుకోవలసి ఉండేది. సూయజ్ కాలువ తెరచుకొనడానికి ఇంకా మూడు దశాబ్దాల కాలం ఉన్నది. ఆఫ్రికా దక్షిణపు కొనను చుట్టి, నెలల తరబడి ప్రయాణించి, ఆ ఎనమండుగురు 1838 జులైలో ఫ్రాన్సు పశ్చిమ తీరంలోని బోర్డో నగరంలో దిగారు. ఆరేళ్ల పిల్లకు ఆ ప్రయాణం ఎలా తోచిందో ఊహించడం కూడ కష్టమే.

ఎదురుచూచిన ‘బయదేర్’

ఐరోపావారు ఈ స్త్రీలను చూడకముందే వారికి ఒక పేరు పెట్టి ఉంచారు. నర్తకి అని అర్థమిచ్చే పోర్చుగీసు పదం నుండి ఫ్రెంచి భాషలో ‘బయదేర్’ అనే మాట పుట్టింది. 1797లో జర్మన్ మహాకవి గోథే దేవుడు, నర్తకి ఇతివృత్తంగా ఒక గాథాకావ్యం రచించాడు. 1810లో పారిస్‌లో ‘బయదేర్లు’ అనే సంగీత నాటకం ప్రదర్శితమయింది. 1830లో ఓబేర్ కూర్చిన మరొక సంగీత నృత్య నాటకంలో ప్రసిద్ధ నర్తకి మరీ తాల్యోనీ భారతీయ నర్తకి పాత్రను ధరించింది. ఈ రచనలలోని భారతదేశాన్ని ఐరోపా తన ఊహతో నిర్మించుకున్నది. నిజమైన దక్షిణాది నర్తకి ఆ ఊహ ప్రక్కన వచ్చి నిలబడడం 1838లో జరిగింది.

పారిస్‌లో రాజు లూయీ ఫిలిప్ ఎదుట వారు నర్తించారు. ఆగస్టులో వారియేతే నాటకశాలలో ప్రదర్శనలు ఆరంభమయ్యాయి. కవి, విమర్శకుడు థియోఫిల్ గోతియే ప్రదర్శనకు ముందే వారి బసకు వెళ్లి చూచి, ‘లా ప్రెస్’ పత్రికలో విపులంగా రాశాడు. వారి మేనిఛాయ, కళ్లు, ముక్కుపుడక, జడ, రవిక, నడుము, కాలిగజ్జెలు ఏవీ అతని దృష్టిని తప్పించుకోలేదు. ముఖ్యంగా అమ్మణి అతనిని ముగ్ధుణ్ణి చేసింది. శిల్పి ఝాన్ ఒగుస్త్ బార్ అమ్మణి నృత్యభంగిమను చిన్న కంచు విగ్రహంగా పోతపోశాడు. తాల్యోనీ విగ్రహాన్ని మలచిన శిల్పి కూడ ఇతడే. ఆ నాటి ఐరోపా రంగస్థలపు మహారాణి సరసన తిరువహీంద్రపురపు యువతి కంచులో నిలిచిందంటే అది సామాన్యమైన గౌరవం కాదు.

అక్టోబరులో వారు లండన్ చేరి అడెల్ఫీ నాటకశాలలో ప్రదర్శించారు. ప్రకటనలలో ‘విష్ణువు అలంకారం’, ‘బాకుల నృత్యం’, ‘మలపూ’ వంటి అంశాల పేర్లు ఉండేవి. సన్నని బట్టను చేతులలో త్రిప్పుతూ, మడుస్తూ, పావురాల ఆకృతిని తెచ్చే విన్యాసం ప్రేక్షకులకు మిక్కిలి నచ్చింది. ‘మలపూ’ అన్న మాట వినగానే తెలుగువారికి ‘మలుపు’ స్ఫురిస్తుంది. కాని ధ్వనిసామ్యం సాక్ష్యం కాజాలదు. ఆ నృత్యాంశాన్ని నర్తకీమణులు ఏమని పిలిచేవారో, ఏ పాటకు ఆడారో, ఆ పాట ఎవరి రచనో ప్రకటన ముద్రించినవారికి అవసరమనిపించలేదు. పావురాన్ని చూచారు, బట్టను చూచారు, పాటను అడగలేదు.

అమ్మణి కథ విషాదాంతమయినట్లు ఐరోపా రచనలలో ఒక మాట వినిపిస్తుంది. లండన్‌లో, పొగమంచు కమ్మిన ఒకనాడు, ఆమె ఉరి వేసుకొని మరణించిందట. ఆమె ముక్కుపుడక వర్ణన పత్రికలో పదిలంగా ఉన్నది. ఆమె భంగిమ కంచులో పదిలంగా ఉన్నది. ఆమె మరణం మాత్రం ‘అట’ అనే మాటతో మిగిలింది. వేషానికి లెక్క దొరికింది, మనిషికి దొరకలేదు.

ఇందులో తెలుగువారి పాలు

ఈ చరిత్ర తమిళ దేశపు నర్తకీమణులది కదా, తెలుగు పాఠకులకు దీనితో ఏమి సంబంధమని ఎవరైనా అడగవచ్చు. ఆ కాలపు దక్షిణాది నృత్యాన్ని భాషల సరిహద్దులతో విభజించడం సాధ్యం కాదు. తంజావూరు నాయకరాజుల కొలువులో తెలుగు యక్షగానం, పదం వర్ధిల్లాయి. పదిహేడవ శతాబ్దికి చెందిన క్షేత్రయ్య పదాలు తమిళ దేశపు నర్తకీమణుల కంఠాలలోనే తరతరాలు నిలిచాయి. తంజావూరు సోదర చతుష్టయమని పేరొందిన చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు నృత్యక్రమాన్ని తీర్చిదిద్దినది సరిగ్గా ఈ పందొమ్మిదవ శతాబ్దపు ప్రథమార్ధంలోనే. వారు కూర్చిన వర్ణాలలో తెలుగు రచనలు ఎన్నో ఉన్నాయి. తమిళం మాటలాడే ఇంటిలో తెలుగు పదం అభినయించడం ఆ నర్తకీమణులకు నిత్యకృత్యం.

పుదుచ్చేరి నగరానికి కూడ తెలుగు వాసన కొత్తది కాదు. డూప్లే వద్ద దుబాసీగా పనిచేసిన ఆనందరంగ పిళ్లై (1709–1761) తన దినచర్యను తమిళంలో రాసుకున్నప్పటికీ తెలుగు కవులను ఆదరించాడు. కస్తూరి రంగకవి రచించిన తెలుగు ఛందోగ్రంథం ‘ఆనందరంగరాట్ఛందము’ ఆయన పేరిటనే వెలసింది. ఫ్రెంచివారి పాలనలోని యానాం, పుదుచ్చేరి పట్టణం నుండి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన గోదావరి ఒడ్డున ఉన్నప్పటికీ, నేటికీ ఈ కేంద్రపాలిత ప్రాంతంలో భాగమే. తెలుగు, తమిళం, మలయాళం, ఫ్రెంచి ఒకే పాలనా యంత్రాంగంలో వినిపించే చోటు ఇది. ఇక్కడ కూర్చున్న ఉద్యోగికి 1838 నాటి యాత్ర పరాయి కథ కాదు.

ఇక్కడ మరొక యాదృచ్ఛిక ఘటనను స్మరించవలసి ఉన్నది. చెన్నపట్టణం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830–31 సంవత్సరాలలో కాశీకి వెళ్లి వచ్చాడు. ఆయన యాత్రావిశేషాలు ‘కాశీయాత్ర చరిత్ర’గా తెలుగులో మొదట అచ్చయిన సంవత్సరం 1838. ఆ ఏడే అమ్మణి బృందం ఓడ ఎక్కింది. దారిలోని ఊళ్లు, సత్రాలు, ధాన్యం ధరలు, నదుల రేవులు వీరాస్వామయ్య కలం ద్వారా మనకు తెలుసు. ఎందుచేతనంటే ఆయన ఉద్యోగి, ఆయన చేతిలో కలం ఉన్నది, ఆయన లేఖలను భద్రపరచి అచ్చువేయించిన మిత్రుడు ఉన్నాడు. ఆయనకంటె ఎన్నో రెట్లు దూరం వెళ్లి, పారిస్, లండన్ నగరాలను చూచిన తిల్లమ్మాళ్ స్వహస్తంతో రాసిన యాత్రాచరిత్ర మనకు లేదు. మొదటి పుస్తకాన్ని ఎంత ఆదరంగా చదువుకుంటామో, రెండవ పుస్తకం లేకపోవడాన్ని అంత బాధతో గుర్తించడం న్యాయం.

నీతి, నిషేధం, వారసత్వం

ఆ తరువాతి అర్ధశతాబ్దిలో పరిస్థితి మారింది. 1892–93 సంవత్సరాలలో చెన్నపట్టణంలో నృత్యవ్యతిరేకోద్యమం మొదలయింది. భోగంమేళాలకు హాజరు కారాదని వైస్రాయికి, గవర్నరుకు విన్నపాలు వెళ్లాయి. తెలుగునాట కందుకూరి వీరేశలింగం ఈ విషయంలో ముందు నిలిచారు. పసిపిల్లలను దేవాలయానికి అంకితం చేసే ఆచారంలోని దోపిడీ నిజం. దానిని ఆపివేయాలన్న సంస్కర్తల సంకల్పం సమంజసమైనది. 1947లో వచ్చిన మదరాసు దేవదాసీ చట్టం ఆ అంకితాన్ని నిషేధించింది. ఆ చట్టాన్ని తక్కువ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

అయితే బవేరియా ఉదాహరణను దీని ప్రక్కన ఉంచి చూస్తే ఒక వ్యత్యాసం కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. అక్కడ వేషం నీతిబాహ్యమన్న మాట వచ్చినప్పుడు, ఆ వేషం ధరించేవారి చేతిలో తమ సంఘం, తమ ఊరిపేరు రాసిన పతాకం ఉన్నాయి. ఇక్కడ నృత్యం మీద నింద వచ్చినప్పుడు, నర్తకీమణుల చేతిలో అటువంటి బలం లేదు. దురాచారం పోయింది, పోవలసినదే. కళ నిలిచింది, అది కొత్త పేరుతో, కొత్త ఇళ్లలో, కొత్త వేదికల మీద గౌరవం పొందింది. మధ్యలో ఆ కళను అన్ని తరాలు మోసుకొని వచ్చిన కుటుంబాల పేర్లు చెప్పుకొనడానికి సిగ్గుపడవలసిన పేర్లుగా మారాయి. తెలుగునాట నటరాజ రామకృష్ణ వంటివారు వృద్ధ కళావంతుల ఇళ్లకు వెళ్లి, వారిని ఒప్పించి, ఆలయ నృత్య సంప్రదాయాన్ని సేకరించి ఆంధ్రనాట్యంగా పునరుద్ధరించవలసి వచ్చిందంటే మౌనం ఎంత దట్టంగా అలముకొన్నదో గ్రహించవచ్చు.

ఆ మౌనాన్ని ఎదిరించిన స్త్రీ కూడ మనకు ఉన్నది. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ను పరిష్కరించి ప్రకటించింది. తంజావూరు కొలువులో ఉన్న ఒక విదుషి రచనను, రచయిత్రి పేరు, వంశం సహితంగా, తెలుగు పాఠకుల ముందు ఉంచడం ఆమె ధ్యేయం. అది అశ్లీలమన్నారు, ప్రభుత్వం నిషేధించింది. 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. పేరును నిలబెట్టడానికి కూడ మూడున్నర దశాబ్దాల కాలం పట్టింది.

నేటి కర్తవ్యం

స్వాతంత్ర్యానంతరం కళల విదేశయాత్ర ప్రభుత్వ బాధ్యతగా మారింది. 1950లో భారతీయ సాంస్కృతిక సంబంధాల మండలి ఏర్పడింది. 1982లో బ్రిటన్‌లో మొదలైన భారతోత్సవాలు ఫ్రాన్సు, అమెరికా, సోవియట్ యూనియన్ దేశాలలో జరిగాయి. 1991లో జర్మనీలో కూడ ఆరంభమయ్యాయి. పుదుచ్చేరి సభ్యత్వం కలిగిన దక్షిణమండల సాంస్కృతిక కేంద్రం తంజావూరులో 1986 నుండి పనిచేస్తున్నది. తార్దివెల్ వంటి వ్యాపారి చేయి పట్టుకొని వెళ్లవలసిన దుస్థితి నేటి కళాకారునికి లేదు. ఇది చిన్న మార్పు కాదు.

2003లో యునెస్కో ఆమోదించిన అమూర్త సాంస్కృతిక వారసత్వ ఒడంబడికలో భారతదేశం 2005లో చేరింది. కళను పరిరక్షించే పనిలో దానిని ఆచరించే సముదాయాలు, వ్యక్తులు భాగస్వాములు కావాలన్నది ఆ ఒడంబడిక సారాంశం. ఆ సూత్రం దస్త్రంలోకి దిగిరావాలంటే పెద్ద పథకాలు అక్కరలేదు. బృందం విదేశానికి వెళ్లేటప్పుడు సామగ్రి జాబితాతో సమానంగా కళాకారుల జాబితా తయారు కావాలి. అందులో ప్రతి ఒక్కరి పేరు వారు పలికినట్లే వారి భాషలో ఉండాలి. ఊరు, గురువు, ఎన్ని తరాలుగా ఆ కళ ఇంటిలో ఉన్నదో రాయాలి. దుస్తులు కుట్టినవారి పేరు, గరగ పోసినవారి పేరు, డప్పు బిగించినవారి పేరు కూడ చేర్చాలి. పాడే పాట మొదటి మాటలు, దాని సందర్భం, ఆ నృత్యాన్ని వారు ఏమని పిలుస్తారో నమోదు చేయాలి. గరగ అమ్మవారికి ప్రతిరూపం కనుక, దానిని జాతర వెలుపల, పరాయి వీధిలో ఎత్తుకొనడానికి వారి సమ్మతి ఉన్నదా, ఏ నియమాలు పాటించాలి అన్న ప్రశ్న ముందుగా వారినే అడగాలి. తిరిగి వచ్చిన తరువాత వారు చూచినదేమిటో వారి మాటలలో రికార్డు చేసి భద్రపరచాలి.

ఇవన్నీ కలిపినా కొద్ది కాగితాల పని. 1838లో ఎవరైనా ఆ కొద్ది కాగితాలు రాసి ఉంటే, నేడు దక్షిణ భారత నృత్యచరిత్రలో ఒక అధ్యాయమే వేరుగా ఉండేది. ‘మలపూ’ ఏమిటో తెలిసేది. ఆరేళ్ల వేదం ఏమయిందో తెలిసేది. అమ్మణి గురించి ‘అట’ అనవలసి వచ్చేది కాదు.

వీలు దొరికిన సాయంత్రాలలో పుదుచ్చేరి సముద్రతీరం వెంట నడుస్తూ ఉంటాను. పాత వంతెన తాలూకు శిథిల స్తంభాలు నీటిలో నిలిచి ఉంటాయి. ఆ స్తంభాలు కూడ లేని కాలంలో మసూలా పడవ ఎక్కిన ఎనమండుగురిని తలచుకున్నప్పుడు, ఆ వృద్ధ కళాకారుని మాట వెంటనే గుర్తుకు వస్తుంది. ఆ బృందం క్షేమంగా వెళ్లి, క్షేమంగా తిరిగివచ్చింది. సామగ్రి జాబితాను సరిచూచి దస్త్రాన్ని మూసివేశారు. తరువాత నేను ఆ దస్త్రాన్ని మళ్లీ తెప్పించి, పాస్‌పోర్టు నకళ్ల కవరును విప్పి, ‘ఇతరులు పదకొండుమంది’ అన్న పంక్తి క్రింద పదకొండు పేర్లూ, పదకొండు ఊళ్లూ నా చేతితో రాసి సంతకం చేశాను. ఆలస్యంగా ఇచ్చిన రసీదు అది. ఇకముందు బయలుదేరే బృందాలకు అది రేవు దాటక ముందే అందాలి.